గేజి ముల్లు లేచింది, రాకర్ తడవలేదు



పాత ఇంజిన్ దించి, విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, కొత్త క్యామ్ వేసి, కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ పవర్ రాబట్టే పనికి అమెరికాలో పెద్ద సంప్రదాయమే ఉంది. ఇంటి పక్క షెడ్డులో, శని ఆదివారాల్లో, సొంతంగా వి-8 ఇంజిన్లు కట్టుకునేవాళ్లు అక్కడ చాలామంది. వాళ్లను ఎప్పుడో ఒకప్పుడు కంగారు పెట్టే సమస్య ఒకటుంది. ఇంజిన్ బిగించడం అయిపోతుంది. ఆయిల్ పోస్తారు. గేజిలో ఆయిల్ ప్రెషర్ నిండుగా కనిపిస్తుంది. తీరా ట్యాపెట్ కవర్ తీసి చూస్తే పైన వాల్వులను నొక్కి తెరిచే రాకర్లు పొడిగా ఉంటాయి. వేలు పెట్టి రాస్తే, బిగించేటప్పుడు పూసిన గ్రీజు తప్ప ఏమీ అంటదు.

ఈ పూట ఆ సమస్య గురించే మాట్లాడుకుందాం. గేజి ఒకటి చెబుతుంటే రాకర్ ఇంకొకటి ఎందుకు చెబుతోంది? ఆయిల్ దారిలో ఎక్కడ ఆగింది? దాన్ని పట్టుకోవడం ఎలా?

ముందుగా పైన జరిగే పని ఎలాంటిదో చూద్దాం. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. క్యామ్ షాఫ్ట్ అందులో సగం తిరుగుతుంది, 3000 చుట్లు. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దాన్ని మూసే స్ప్రింగు మామూలు స్ప్రింగు కాదు. ఒక మోస్తరు పెర్ఫార్మెన్స్ క్యామ్ వేసిన వి-8లో, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ స్ప్రింగు 130, 140 కిలోల బలంతో ఎదురు తోస్తుంది. రోలర్ క్యామ్ వేసిన రేసు ఇంజిన్లలో 200 కిలోలు దాటడం మామూలే. రాకర్ ఊగే ఇరుసు దగ్గర అంతకు మించిన బరువు పడుతుంది. ఎందుకంటే ఒక కొసన స్ప్రింగు తోస్తుంది, రెండో కొసన క్యామ్ కదిపే కడ్డీ, అంటే పుష్‌రాడ్ తోస్తుంది. రెండూ కలిసి మధ్యలో పడతాయి.

ఇంత బరువును మోసేది పల్చటి ఆయిల్ పొర. ఆ పొర తెగితే లోహం లోహాన్ని కొరుకుతుంది. రాకర్ ఇరుసు నీలం రంగు తిరుగుతుంది. స్ప్రింగుల వేడిని లాక్కుపోయేది కూడా ఆ ఆయిలే. కాబట్టి పైకి ఆయిల్ చేరిందా లేదా అన్నది ఇంజిన్ స్టార్ట్ చేశాక తీరిగ్గా చూసుకునే సంగతి కాదు. తాళం తిప్పకముందే తేల్చుకోవాలి.

మరి గేజి చూపించేది అబద్ధమా? కాదు. గేజి నిజమే చెబుతుంది. కాకపోతే తనున్న చోటి సంగతి మాత్రమే చెబుతుంది. అనంతపురం జిల్లాలో డ్రిప్పు పెట్టుకున్న చీనీ తోట రైతును అడగండి, ఈ ముక్క చక్కగా చెబుతాడు. మోటారు దగ్గర, ఫిల్టరు పక్కన గేజి ఉంటుంది. ముల్లు ఉండాల్సిన చోటే ఉంటుంది. చివరి వరసలో చెట్లు మాత్రం వాడిపోతుంటాయి. పైపులో ఉప్పు పేరుకుంది, డ్రిప్పర్లు పూడుకుపోయాయి. నీళ్లు బయటికి పోయే దారి తగ్గింది కాబట్టి గేజిలో ప్రెషర్ పడిపోదు సరికదా, కాస్త పెరుగుతుంది కూడా. అనుభవమున్న రైతు గేజి ముందు కూర్చోడు. పైపు వెంబడి నడుస్తాడు. చివరి బిరడా విప్పి చూస్తాడు, తర్వాత ఒక్కో వరసే వెనక్కి చూసుకుంటూ వస్తాడు.

ఇంజిన్‌లోనూ అంతే. ప్రెషర్ వేరు, పారకం వేరు. ఆయిల్ బయటికి పోయే దారి ఇరుకైతే ప్రెషర్ లేస్తుంది. కొస దాకా ఆయిల్ చేరిందని దానికి అర్థం కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. గేజి ముల్లు ప్రెషర్ చెబుతుంది. పారకాన్ని కంటితో చూడాల్సిందే.

ఇప్పుడు ఒక అసలు ఇంజిన్ దగ్గరికి వెళ్దాం. క్రైస్లర్ కంపెనీ 340 ఇంజిన్. 1968 నుంచి 1973 దాకా డాడ్జ్ డార్ట్, ప్లిమత్ బారకుడా లాంటి కార్లలో వచ్చింది. 340 అన్నది క్యూబిక్ అంగుళాల లెక్క. మన లెక్కలో 5.6 లీటర్లు. ఇదే కుటుంబంలో 273, 318, 360 కూడా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ఎల్ఏ ఇంజిన్లు అంటారు. రాకర్లు ఎండిపోయాయన్న ఫిర్యాదుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇంజిన్ స్టాండు మీద ఉంది. స్టార్ట్ చేయకముందే ఆయిల్ పంపును డ్రిల్ మిషన్‌తో తిప్పుతారు. దీనికి ప్రైమింగ్ అని పేరు. డిస్ట్రిబ్యూటర్ తీసేస్తారు. దాని కింద పంపును తిప్పే గేరు షాఫ్టును కూడా పైకి లాగేస్తారు. ఆ కంతలోంచి ఆరు పలకల కడ్డీ దించి, పంపులో కూర్చోబెట్టి, డ్రిల్‌తో తిప్పుతారు. మొదట కడ్డీ ఊరికే తిరుగుతుంది. కొన్ని సెకన్లకు డ్రిల్ మోత బరువెక్కుతుంది. పట్టుకున్న మణికట్టు మెలి తిరగబోతుంది. పంపు ఆయిల్ పట్టిందన్నమాట. గేజి ముల్లు లేస్తుంది. కింద బేరింగుల పక్క నుంచి కారే ఆయిల్ ఛాంబర్‌లో పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఇంకాసేపు తిప్పుతారు. డ్రిల్ వేడెక్కుతుంది. రాకర్ల మీదకు చుక్క రాదు.

ఇక్కడ కొంతమంది తొందరపడి హెడ్లు విప్పేస్తారు. విప్పక్కర్లేదు. ఆ ఇంజిన్‌కు బహుశా ఏ జబ్బూ లేదు.

ఎందుకో వినండి. ఎల్ఏ ఇంజిన్‌లో రాకర్లకు ఆయిల్ ఎడతెగని ధారగా వెళ్లదు. క్యామ్ షాఫ్టుకు అయిదు బేరింగులు ఉంటాయి. వాటిలో రెండోదాని మీదుగా ఒకవైపు హెడ్‌కు, నాలుగోదాని మీదుగా రెండోవైపు హెడ్‌కు దారి ఉంటుంది. ఆ బేరింగుల్లో కూర్చునే క్యామ్ జర్నల్‌కు రంధ్రం పెట్టారు. క్యామ్ తిరుగుతూ ఆ రంధ్రం బ్లాకులోని రంధ్రానికి ఎదురైనప్పుడు దారి తెరుచుకుంటుంది. దాటిపోగానే మూసుకుంటుంది. పైకి అవసరానికి మించి ఆయిల్ పోకుండా ఆపే ఏర్పాటు ఇది. ఇప్పుడు ప్రైమింగ్ సంగతి ఆలోచించండి. డ్రిల్ తిప్పేది పంపును మాత్రమే. క్యామ్ కదలడం లేదు. రంధ్రాలు ఎదురుపడలేదు. దారి మూసే ఉంది. ఆయిల్ ఎలా వస్తుంది?

చేయాల్సింది చిన్న పని. ఒకరు డ్రిల్ తిప్పుతూ ఉండాలి. ఇంకొకరు క్రాంక్ కొసన ఉన్న బోల్టుకు స్పానర్ పెట్టి, ఇంజిన్‌ను మెల్లగా చేత్తో తిప్పాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. కొంచెం తిప్పి ఆగాలి. మళ్లీ కొంచెం తిప్పాలి. ఒకచోట ఒక వైపు రాకర్ల మధ్య నుంచి ఆయిల్ ఊరుతుంది. ముందు ఒక రాకర్ కింద మెరుస్తుంది, తర్వాత పక్కదాని కింద, అలా షాఫ్టు పొడుగునా. రెండో వైపు అప్పటికీ పొడిగానే ఉంటుంది. భయపడొద్దు. తిప్పుతూ పోతే దాని వంతూ వస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి క్రాంక్‌ను నిండుగా రెండు చుట్లు తిప్పకుండా "ఆయిల్ రావడం లేదు" అనే మాట అనకూడదు.

రేసులకు వెళ్లే కొందరు ఆ రెండు జర్నళ్ల చుట్టూ గాడి తీయిస్తారు. అప్పుడు దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఆ పని అక్కర్లేదు. కంపెనీ పెట్టిన ఏర్పాటు ఆ స్ప్రింగులకు సరిపోతుంది.

సరే, రెండు చుట్లూ తిప్పారు. ఒక వైపు వచ్చింది. రెండో వైపు రానే లేదు. ఇప్పుడు జబ్బు ఉన్నట్టే. అయితే సగం వెతుకులాట అప్పుడే అయిపోయింది. ఎందుకంటే ఒక వైపు వచ్చిందంటే పంపు బాగుంది. ఫిల్టరు బాగుంది. అడుగు నుంచి క్యామ్ దాకా అసలు దారి బాగుంది. తప్పు ఆ రెండో వైపు దారిలోనే ఉంది. ఎక్కడ ఎండిందో చూస్తే, ఎక్కడ ఆగిందో సగం తెలిసిపోతుంది.

ఆ దారిలో కొస నుంచి వెనక్కి రండి. కొసన ఉన్నది రాకర్ షాఫ్టు. బోలుగా ఉండే పొడుగాటి గొట్టం. దానికి కింది వైపు రంధ్రాలు ఉంటాయి. రాకర్ షాఫ్టును కింది నుంచి పైకి నొక్కే వైపు అదే కాబట్టి ఆయిల్ అక్కడికే చేరాలి. షాఫ్టును తలకిందులుగా బిగిస్తే రంధ్రాలు పైకి తిరిగిపోతాయి. బోల్టులు చక్కగా పడతాయి, చూడ్డానికి ఏ తేడా కనపడదు. అందుకే కంపెనీ షాఫ్టు కొసన చిన్న గంటు పెట్టింది. ఆ గంటు ఏ వైపు హెడ్‌కు ఎటు చూడాలో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని ఊహించొద్దు, చదివి బిగించండి.

అక్కడ సరిగానే ఉంటే ఇంకాస్త వెనక్కి రండి. హెడ్‌లోంచి షాఫ్టులోకి ఆయిల్ ఎక్కేది షాఫ్టును మోసే స్టాండుల్లో ఒక్కదాని దగ్గరే. అదీ బోల్టుకూ దాని రంధ్రానికీ మధ్య ఉన్న సన్న సందులోంచి. కంపెనీ బోల్టు ఆ సందును ఉంచుతుంది. గట్టిదనం కోసం లావుపాటి స్టడ్డు వేస్తే సందు పూడిపోతుంది. ఇది పెర్ఫార్మెన్స్ పనిలోనే వచ్చే తప్పు. మామూలు రిపేరులో రాదు. మంచి సామాను, ఖరీదైన సామాను వేశామన్న ధీమా ఉంటుంది కాబట్టి అనుమానం దాని మీదకు పోదు కూడా.

ఇంకా వెనక్కి వస్తే హెడ్ గ్యాస్కెట్. దానిలో ఆయిల్ రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురుగా ఉందా? ఆ తర్వాత బ్లాకులో దారి. ఆ తర్వాత క్యామ్ బేరింగు. దీన్ని లోపలికి కొట్టేటప్పుడు కొద్దిగా తిరిగి కూర్చుంటే దాని రంధ్రం, బ్లాకు రంధ్రం కలవవు. ఇది బయటపడితే మాత్రం క్యామ్ బయటికి లాగాల్సిందే, ఇంజిన్ మళ్లీ విప్పాల్సిందే. అందుకే బ్లాకు లేత్ షాపు నుంచి ఇంటికి రాగానే, క్యామ్ దించకముందే, సన్నటి తీగ పెట్టి ప్రతి రంధ్రమూ చూసుకోవాలి. ఒక కొసన గాలి కొట్టి రెండో కొసన వేలు పెట్టి చూడాలి. ఆ రోజు అది కాసేపట్లో అయ్యే పని. ఇంజిన్ బిగించాక అయితే వారం పని.

ఇప్పుడు ఇంకో రకం ఇంజిన్. షెవర్లే స్మాల్ బ్లాక్. 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైంది. అమెరికాలో ఇంజిన్ కట్టేవాళ్లు అందరికన్నా ఎక్కువగా చేతులు పెట్టిన ఇంజిన్ ఇదేనంటే తప్పు లేదు. దీనిలో రాకర్ షాఫ్టే లేదు. ఒక్కో రాకర్‌కు ఒక్కో స్టడ్డు. ఆయిల్ దారి కూడా వేరు. క్యామ్ మీద కూర్చునే లిఫ్టర్‌లోకి ఆయిల్ వెళ్తుంది. లిఫ్టర్ లోపలి సన్న దారి దాన్ని కొలిచి పైకి వదులుతుంది. పుష్‌రాడ్ బోలుగా ఉంటుంది. దానిలోంచి ఆయిల్ ఎక్కి, రాకర్ గిన్నెలో ఉన్న రంధ్రం గుండా బయటికి వస్తుంది. అంటే పదహారు రాకర్లకు పదహారు వేరు వేరు దారులు.

దారులు వేరు కాబట్టి వెతికే తీరు కూడా మారుతుంది. ఇక్కడ ఒక్క రాకర్ ఎండిపోయి, మిగతావన్నీ తడిగా ఉండొచ్చు. అప్పుడు ఆ ఒక్క పుష్‌రాడ్ తీసి, పక్క రాకర్ పుష్‌రాడ్‌తో మార్చి పెట్టండి. మళ్లీ డ్రిల్ తిప్పండి. ఎండటం పక్కకు వెళ్లిందా? తప్పు పుష్‌రాడ్‌ది. కొత్త పుష్‌రాడ్‌లో కూడా తయారీలో మిగిలిన పొట్టు ఇరుక్కుని ఉండొచ్చు. కిటికీ వైపు పట్టి చూస్తే వెలుతురు గుండ్రంగా కనపడాలి. ఎండటం అక్కడే ఉండిపోయిందా? అయితే తప్పు లిఫ్టర్‌లోనో, రాకర్ రంధ్రంలోనో ఉంది. ఒక్క మార్పిడితో ఇంత తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

ఈ షెవర్లేలో ఒక వైపంతా ఎండిపోతే మాత్రం ముందు ఇంజిన్‌ను అనుమానించొద్దు. మీ చేతిలో ఉన్న పనిముట్టును అనుమానించండి. కారణం ఉంది. ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ బాడీ ఉత్త డిస్ట్రిబ్యూటర్ కాదు. దాని కింది భాగం ఆయిల్ దారికి ఒక గోడలా పనిచేస్తుంది. ప్రైమింగ్ కోసం డిస్ట్రిబ్యూటర్ తీసేసి, కంతలో ఉత్త కడ్డీ దించితే ఆ గోడ ఉండదు. ఆయిల్ ఆ కంతలోంచే కిందికి జారిపోతుంది. కుడి వైపు లిఫ్టర్లకు సరిగా అందదు. గోడ స్థానంలో కూర్చునే కాలర్ ఉన్న ప్రైమింగ్ టూల్ వాడాలి. పాత డిస్ట్రిబ్యూటర్ ఒకటి తీసుకుని, గేరు పళ్లు తీయించి, దాన్నే టూల్‌గా వాడేవాళ్లూ ఉన్నారు. అది మంచి పద్ధతి. ఇంకొక్క జాగ్రత్త. పంపు తిరిగే దిశ. షెవర్లే స్మాల్ బ్లాక్‌కు డ్రిల్ గడియారం ముల్లు తిరిగే దిశలో తిరగాలి. ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌కు దానికి ఎదురు దిశలో తిరగాలి.

రెండు రకాల దారులూ ఒకే ఇంజిన్‌లో కలగలిస్తే ఏమవుతుంది? క్రైస్లర్ వాళ్లే 1992 నుంచి మాగ్నమ్ పేరుతో ఎల్ఏ ఇంజిన్‌ను మార్చి తెచ్చారు. రాకర్లకు ఆయిల్ షాఫ్టులోంచి కాకుండా పుష్‌రాడ్లలోంచి ఎక్కేలా చేశారు. మాగ్నమ్ హెడ్లలో గాలి బాగా ఆడుతుంది. అందుకని పాత ఎల్ఏ బ్లాకు మీద వాటిని బిగించేవాళ్లు ఎక్కువ. హెడ్లు కూర్చుంటాయి. కానీ పాత లిఫ్టర్లకు పుష్‌రాడ్‌లోకి ఆయిల్ పంపే రంధ్రమే లేదు. అవే లిఫ్టర్లు ఉంచేస్తే పైకి ఆయిల్ వెళ్లే దారే లేదు. గేజిలో ప్రెషర్ మాత్రం నిండుగా ఉంటుంది! ఏఎంసీ ఇంజిన్ల తరహా లిఫ్టర్లు, బోలు పుష్‌రాడ్లు వేస్తేనే ఆ జోడీ బతుకుతుంది. రెండు ఇంజిన్ల సామాను కలిపేటప్పుడు బోల్టు రంధ్రాలు కలిశాయా అని అందరూ చూస్తారు. ఆయిల్ దారులు కలిశాయా అని చూసేవాళ్లు తక్కువ.

పైన ఆయిల్ లేదనగానే పెద్ద పంపు వేసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది వైద్యం కాదు. దారి మూసుకున్నచోట పెద్ద పంపు గేజి ముల్లును ఇంకాస్త పైకి లేపుతుంది, అంతే. పైగా దారి తెరిచి ఉన్నచోట అది ఎక్కువ ఆయిల్‌ను పైకి తోడుతుంది. ఆ ఆయిల్ మళ్లీ కిందికి దిగాలి. హెడ్లలో ఆయిల్ దిగే కంతలు మడ్డితోనో, బయటికి పొడుచుకొచ్చిన గ్యాస్కెట్ అంచుతోనో ఇరుకైతే ఆయిల్ పైనే నిలిచిపోతుంది. 340 ఇంజిన్‌లో ఫిల్టరుతో కలిపి పట్టేది 5 అమెరికన్ క్వార్టులు, అంటే 4.7 లీటర్లు మాత్రమే. అందులో చాలా భాగం పైన చిక్కుకుంటే అడుగున పంపు గాలి పీలుస్తుంది. బలయ్యేది కింది బేరింగులు. అందుకే ప్రైమింగ్ చేసేటప్పుడు ఆయిల్ పైకి వస్తోందా అని చూస్తే చాలదు, దిగుతోందా అని కూడా చూడాలి.

రోలర్ రాకర్లు, సూది బేరింగులు వేసిన రేసు ఇంజిన్లలో పైకి వెళ్లే ఆయిల్‌ను కావాలని తగ్గిస్తారు. దారిలో సన్న రంధ్రమున్న బిరడా పెడతారు. ఆ ఇంజిన్లకు అది చెల్లుతుంది. రేకు రాకర్లున్న రోడ్డు ఇంజిన్‌కు అదే బిరడా పెడితే రాకర్లు కాలిపోతాయి. ఇంకొకరి ఇంజిన్‌కు పనికొచ్చింది కదా అని తెచ్చి పెట్టే ముందు, మీ రాకర్ ఏ రకమో చూసుకోండి.

మన దగ్గర షెవర్లే వి-8లు దొరకవు. కానీ ఈ వెతుకులాట మన మెకానిక్‌లకు కొత్తదేమీ కాదు. మద్రాసు తిరువొత్తియూరులో దశాబ్దాల పాటు తయారైన కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజిన్‌ను గుర్తు తెచ్చుకోండి. దానికి రాకర్ల ఆయిల్ వెళ్లేది బయట కనిపించే సన్నటి గొట్టంలోంచే. ట్యాపెట్ చప్పుడు పెరిగిందని బండి వస్తే, తెలిసిన మెకానిక్ ముందు హెడ్ విప్పడు. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆ గొట్టం పై కొసన బోల్టును కాస్త వదులు చేస్తాడు. ఆయిల్ చెమ్మగిల్లి కారిందా, గొట్టం దాకా దారి బాగుంది. రాలేదా, అక్కడి నుంచి కిందికి వెతుకుతాడు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివే పిల్లలకు ఈ ఒక్క పరీక్షను బుల్లెట్ మీద చేసి చూపిస్తే, వి-8 అయినా డీజిల్ ట్రాక్టరు అయినా వాళ్లు అదే తీరుగా వెతకగలరు. ఎక్కడ ఎండింది? అక్కడి నుంచి వెనక్కి.

మళ్లీ మన 340 దగ్గరికి వద్దాం. రెండు వైపులా ఆయిల్ వచ్చింది. కళ్లతో చూశారు. ఇక స్టార్ట్ చేయొచ్చు. ఇక్కడ ఇంకో విషయం ఉంది. రోలర్ లేని మామూలు లిఫ్టర్లకు కొత్త క్యామ్ వేసినప్పుడు, ఇంజిన్ స్టార్ట్ కాగానే స్లోలో ఉంచకూడదు. వెంటనే 2000 నుంచి 2500 చుట్లకు పెంచి, సుమారు 20 నిమిషాలు నడపాలి. క్యామ్‌కూ లిఫ్టర్‌కూ పొత్తు కుదరడానికి అది అవసరం. క్యామ్ మీద పడే ఆయిల్ ఎక్కువగా క్రాంక్ విసిరే తుంపరే. స్లోలో ఆ తుంపర చాలదు. అంటే మొదటి 20 నిమిషాల్లో ఆపి, కవర్ తీసి, పైన ఎలా ఉందో చూసే వీలు లేదు. డ్రిల్‌తో ముందే చూసుకోవాలనడానికి అసలు కారణం ఇదే.

ఆ 20 నిమిషాలు అయ్యాక ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, రెండు ట్యాపెట్ కవర్లూ తీయండి. ప్రతి రాకర్ ఇరుసు దగ్గరా చూడండి. లోహం రంగు మారకూడదు. తడి ఉండాలి. ఆయిల్ దింపేసి, పాత ఫిల్టరును కోసి, లోపలి కాగితం మడతలు విప్పి వెలుతురులో పరచండి. మొదటి ఫిల్టరులో సన్నటి బూడిద రంగు పొడి కొద్దిగా ఉండటం సహజం. అయస్కాంతానికి అంటుకునే ఇనుప రజను గుప్పెడు కనిపిస్తే మాత్రం కొత్త ఆయిల్ పోసి సరిపెట్టకండి. క్యామ్, లిఫ్టర్లు బయటికి తీసి చూడండి. ఏ లిఫ్టర్ అడుగు గుంట పడిందో దాని పైన ఉన్న పుష్‌రాడ్‌నూ రాకర్‌నూ కూడా పక్కన పెట్టి పరీక్షించండి. ఆయిల్ దారులన్నీ కడిగి, గాలి కొట్టిన తర్వాతే కొత్త క్యామ్ దించండి.